చెలమ నిండుగా ఉంది

ఒక పెద్ద అడవిలో అందరికీ నీళ్ళు దొరుకుతుండేవి. ఎందుకు దొరుకుతున్నాయో ఎవరూ ఆలోచించలేదు కాబట్టి అలా చాలా ఏళ్ళు దొరికాయి.

ఆలోచించడం మొదలుపెట్టింది మంగతాయారు.

మంగతాయారు ఏదుపంది. నడివయసుది, చదువుకున్నది. వీపు నిండా జానెడేసి ముళ్ళు. వాళ్ళ వంశంలో మిగతావాళ్ళు ఆ ముళ్ళని చిరుతపులి కోసం దాచుకునేవాళ్ళు. మంగతాయారు మాత్రం ఒక్కొక్కటే పీకి, కరక్కాయ సిరాలో ముంచి, టేకాకుల మీద రాతకి వాడుకునేది. పగలు పడుకుని రాత్రిళ్ళు దుంపలు తవ్వుకు తినడం వాళ్ళ జాతి అలవాటు. ఆఫీసు పని పగలే ఉంటుందని ఆవిడ ఆ అలవాటు మానుకుంది. తవ్వడం కూడా మానేసింది. గోళ్ళకి మట్టి ఉంటే ఆకుల మీద మరకలు పడతాయి. దుంపలు ఎవరైనా తెచ్చిపెడితే, కడిగించుకుని తినేది.

ఆ అడవిలో ఒక వాగు ఉంది. మాఘమాసం దాటిందంటే అందులో ఇసుకే మిగులుతుంది. అప్పుడు రత్తమ్మ అనే ముసలి ఏనుగు వాగు మలుపులోకి దిగి, ముందుకాలితో ఇసుక తన్ని, తొండంతో తోడి, చెలమ తీసేది. లోపల ఊట తగిలి నీళ్ళు పైకి వచ్చేవి. ముందు రత్తమ్మ తాగేది, తరవాత వరసలో అందరూ తాగేవాళ్ళు. మర్నాడు తెల్లవారగానే రత్తమ్మ మళ్ళీ వచ్చి, జారిన ఇసుక తోసేసి, అడుగు కెలికి, బురద గట్టుమీద పోసి, రెండు తొండాల నీళ్ళు వీపుమీద కుమ్మరించుకుని వెళ్ళేది. తొలకరి పడేదాకా ఇదే వరస. దీనికి ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు, చివరికి ఒక బోర్డు కూడా లేదు.

"అదే నన్ను బాధపెడుతోందండీ" అంది మంగతాయారు ఎలుగుబంటితో.

ఎలుగుబంటి పేరు పానకాలరావు. ఆ అడవిలో ఏ సభ జరిగినా అధ్యక్షత ఆయనదే. సభ దేని గురించో అయిపోయాక అడిగి తెలుసుకునేవాడు.

"ఏది బాధపెడుతోంది?"

"నీళ్ళు. ఇంత ముఖ్యమైన విషయానికి మనకి కమిటీ లేదు. ఎవరో ముసలావిడ కాలితో తన్నితే తాగుతున్నాం. రేపు పక్క అడవివాళ్ళు అడిగితే ఏం చెప్తాం?"

"వాళ్ళు అడుగుతారంటారా?"

"వాళ్ళకి కమిటీ ఉందిట."

పానకాలరావు తేనెపట్టు పక్కన పెట్టాడు. "అధ్యక్షుడెవరు?"

"మనదానికా? మీరే."

"విషయం ముఖ్యమైనదే" అన్నాడు పానకాలరావు.

అలా జలసంరక్షణ సంఘం ఏర్పడింది. కార్యదర్శి మంగతాయారు. సభ్యులుగా ఒక అడవిపంది, ఒక ముంగిస, ఒక కుందేలు చేరారు. మొదటి వారంలోనే ఆవిడ ముప్పై ముళ్ళు ఖర్చుపెట్టి, 'నీరే జీవం', 'నీటిని కాపాడండి, అది మిమ్మల్ని కాపాడుతుంది' అని రాసి చెట్టుచెట్టుకీ అంటించింది.

పొరుగున ఉండే దుప్పి కనకం ఎదురుపడి, "చాలా బాగున్నాయి వదినా" అంది.

"చదివావా?"

"తిన్నాను."

మంగతాయారు దాన్ని మనసులో పెట్టుకోలేదు. ప్రజల్లో అవగాహన తక్కువగా ఉందని మాత్రం రాసుకుంది.

తరవాత సంఘానికి ఒక నిపుణుడు కావలసి వచ్చాడు. శేషగిరి అనే కొంగ దొరికాడు. నాలుగు అడవుల్లో నాలుగు చెరువుల గట్లమీద ఒంటికాలితో నిలబడిన అనుభవం ఆయనది. ఆ చెరువులు ఇప్పుడెలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఆయన మూడురోజులు చెలమ పక్కన నిలబడి రిపోర్టు తయారుచేశాడు. సంఘం సమావేశమైంది. మర్యాదకి రత్తమ్మని కూడా పిలిచి, ఒక పక్కగా నిలబెట్టారు.

"రత్తమ్మగారు రోజూ రెండు తొండాల నీళ్ళు వీపుమీద పోసుకుంటున్నారు" అని మొదలుపెట్టాడు శేషగిరి. "అడుగు కెలికి ఉన్న నీటిని బురద చేస్తున్నారు. ఆ బురదని గట్టుమీద పారబోస్తున్నారు. మొత్తంమీద మూడోవంతు వృథా. పదిహేను రోజులపాటు ఎవరూ ముట్టుకోకపోతే ఈ చెలమ నిండి పొర్లుతుంది."

మిగతా లెక్క మంగతాయారు కట్టింది. కొండమీద రాతిగుండంలో పదిహేను రోజులకి సరిపడా వాననీళ్ళు ఉన్నాయి. ముందు అవి తాగుదాం. ఈలోగా చెలమ నిండుతుంది. పదహారోరోజున జలమహోత్సవం చేసి, పక్క అడవి అధ్యక్షుణ్ణి పిలిచి, నిండు చెలమ చూపిద్దాం. మిగతా వేసవంతా దాన్ని తాగుదాం. ఆ లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి ఎవరూ అడగలేదు.

రత్తమ్మ చెవులు విసురుకుంటూ అంతా విన్నది. "ఇది నువ్వు రాసిందేనా తాయారూ?"

"అవునత్తా."

"ముచ్చటగా రాశావు. కానీ చెలమంటే నింపి మూతపెట్టే కుండ కాదే అమ్మా. పిల్ల తాగుతుంటేనే తల్లికి పాలు పడతాయి. ఇదీ అంతే. పదిరోజులు ముట్టుకోకపోతే ఇసుక జారి, సన్నమట్టి పేరుకుని, ఊట నోరు మూసుకుపోతుంది. కెలికితేనే అది బతికుండేది."

పానకాలరావు గొంతు సవరించుకున్నాడు. "ఈ అంశం ఎజెండాలో ఉందా?"

మంగతాయారు ఆకులు తిరగేసింది. లేదు. మినిట్స్‌లో ఇలా రాసింది: 'సభ్యులు కానివారు కొన్ని అభిప్రాయాలు వెలిబుచ్చారు.' ఆ వాక్యం రాసినందుకు ఆవిడకి సాయంత్రందాకా సంతోషంగా ఉంది. ఎవరినీ నొప్పించలేదు. ఏమీ చెప్పలేదు కూడా.

చెలమ చుట్టూ రేగుముళ్ళ కంచె వేశారు. ఎత్తుగా, ఒత్తుగా. లోపలికి ఎవరూ వెళ్ళకూడదు, తొంగి చూడకూడదు, సంఘ సభ్యులైనా సరే. 'కార్యదర్శికి కూడా మినహాయింపు లేదు' అని మంగతాయారు తనే చేర్చింది. ఆ మాట రాసేటప్పుడు తనమీద తనకే గౌరవం కలిగింది.

"అయితే నాకు పనిలేదన్నమాట" అంది రత్తమ్మ. "మంచిదేలే. మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయి." వెదురుకొండ అవతలికి వెళ్ళిపోయింది. తన ఒక్కదానికీ సరిపడా చెలమ ఇంకోచోట తీసుకోవడం ఆవిడకి ఒక పూట పని.

నిబంధన ప్రకారం చెలమ ఎలా ఉందో కార్యదర్శి రోజూ రాయాలి. నిబంధన ప్రకారమే కార్యదర్శి చెలమని చూడకూడదు. రెండు నిబంధనలూ తను రాసినవే కాబట్టి మంగతాయారు రెంటినీ పాటించింది. పొద్దున్నే కంచె బయట కూర్చుని 'చెలమ నిండుగా ఉంది' అని రాసి వచ్చేది. మొదటిరోజు అది నిజం. రెండోరోజు నిజమే అయ్యుండాలి. మూడోరోజు నుంచి అది అలవాటు.

ఎనిమిదోరోజున కనకం వచ్చింది. వెనక కాళ్ళు తడబడుతూ నాలుగురోజుల పిల్ల.

"పాలు తగ్గాయి వదినా. గుండంలో నీళ్ళు పచ్చగా అయిపోయాయి. ఆ కొండెక్కి దిగేసరికి తాగింది తాగినట్టే పోతోంది. ఆ కంచెలోకి ఒక్కసారి తొంగి చూడరాదూ? నిండి ఉంటే ఒక్క గుక్క తాగి పోతాను."

"నిండుగా ఉంది కనకం. రోజూ రాస్తున్నానుగా."

"చూశావా?"

"రాశాను."

కనకం పిల్లని మూతితో ముందుకి నెట్టుకుంది. "నీ రాత మీద నాకు నమ్మకమే వదినా. పిల్లకే ఇంకా చదువు రాలేదు" అని వెళ్ళిపోయింది.

పదకొండోరోజున గాలి కంచె వైపునుంచి వీచింది. ఎంత చదువుకున్నా ఏదుపంది ముక్కు ఏదుపంది ముక్కే. నేల లోపల మూరెడు కిందున్న దుంపని కూడా వాసన పట్టగలదు. తడి ఇసుక వాసన ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఆ గాలిలో అది లేదు. ఎండిన ఆకుల వాసన ఉంది, వేడి ఉంది.

రాస్తున్న ముల్లు 'నిండుగా' దగ్గర ఆగింది. అప్పటికే పక్క అడవికి ఆహ్వానం వెళ్ళిపోయింది. పందిరి వేస్తున్నారు. పానకాలరావు ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు. మంగతాయారు ఆ ముల్లు పక్కన పెట్టి, వీపుమీద నుంచి ఇంకాస్త నున్నటిది పీకి, మిగతా వాక్యం మరింత అందమైన అక్షరాలతో పూర్తిచేసింది.

పదిహేనోరోజున ఇంకో చిక్కు వచ్చింది. అతిథి నడిచే దారిలో దుమ్ము లేస్తోంది. "జలమహోత్సవానికి వచ్చినవాళ్ళు తుమ్ముతూ పోతే మన పరువేం కావాలి?" అన్నాడు పానకాలరావు. గుండంలో అడుగున మిగిలిన నీళ్ళు కోతుల చేత మోయించి దారి పొడవునా చల్లించారు. ఆర్డరు మంగతాయారు రాసింది. రాయగా వీపుమీద మూడు ముళ్ళు మిగిలాయి. దూరంనుంచి చూసినవాళ్ళు ఆవిడని పెద్ద ఎలుక అనుకుంటున్నారని ఎవరో చెప్పారు. సేవలో అలాంటివి తప్పవనుకుంది.

పదహారోరోజు పొద్దున పక్క అడవి అధ్యక్షుడు వచ్చాడు. ఆయనొక మనుబోతు. దండ వేశారు, పందిట్లో కూర్చోబెట్టారు. పానకాలరావు లేచి గంటసేపు మాట్లాడాడు. నీరు లేకపోతే పంట లేదన్నాడు, మబ్బు లేదన్నాడు, ప్రాణి లేదన్నాడు. భూమ్మీద మూడువంతులు నీరేనన్నాడు.

"మనది నాలుగోవంతు కాబోలు" అంది కనకం పక్కనున్న కుందేలుతో.

ఆ పొద్దున నీరు అన్న మాట రెండొందల సార్లయినా వినిపించి ఉంటుంది. వినేవాళ్ళ నాలుకలు అంగిట్లో అతుక్కుపోయాయి.

మనుబోతు మెల్లగా మంగతాయారు వైపు వంగాడు. "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

"పది నిమిషాలండీ. చెలమ ప్రారంభోత్సవం కాగానే" అంది మంగతాయారు.

కంచెకి కట్టిన పూలతీగని మనుబోతు పళ్ళతో కొరికి తెంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముళ్ళకంప పక్కకి లాగారు.

లోపల నీళ్ళు లేవు. గుంట అయినా సరిగా లేదు. చుట్టూ ఉన్న ఇసుక జారి పళ్ళెంలా అయింది. పైన బురద ఎండి పెంకులు కట్టింది. దానిమీద రాలిన ఆకులు. నడిమధ్యన ఒక తొండ కూర్చుని తల ఊపుతోంది. ఇంతమందిని చూసి కూడా లేవలేదు.

మొదట తేరుకున్నవాడు శేషగిరి. "నీరు ఎక్కడికీ పోలేదు. ఇసుక అడుగున పూర్తిగా సంరక్షించబడి ఉంది. వృథా సున్నా" అన్నాడు. ఇంకో అడవిలో ఇంకో చెరువువాళ్ళు రమ్మన్న సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. మడిచిపెట్టుకున్న రెండోకాలు చాపి ఎగిరిపోయాడు.

"విచారణ జరిపిద్దాం" అన్నాడు పానకాలరావు. "రోజువారీ నివేదికలు ఎవరు రాశారు?"

ఆ ప్రశ్న అవసరం లేదు. పదిహేను టేకాకులు దండగా గుచ్చి పందిరికే వేలాడదీశారు. పదిహేనింటిమీదా ఒకటే మాట, ఒకటే చేతిరాత. పదకొండోది మాత్రం కాస్త అందంగా ఉంది.

ఎవరైనా తిడితే మంగతాయారు జవాబు చెప్పగలిగేది. నిబంధనలు చూపించగలిగేది. పందిరి గుంజ పక్కన పిల్ల పడుకుని ఉంది. కనకం దాని మూతి నాకుతోంది. పిల్ల పాలకోసం లేవడం లేదు.

"ముందా రత్తమ్మని రప్పించండి. ఆర్డరు రాయండి" అన్నాడు పానకాలరావు.

మంగతాయారు ఒక ముల్లు పీకి ఆర్డరు మొదలుపెట్టింది. అది సగంలో విరిగితే ఇంకోటి పీకి పూర్తిచేసింది. ఆకు నోట కరుచుకుని, నడినెత్తిన ఎండలో వెదురుకొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఇంకో చీటీ రాసి ఏ కోతి చేతనో పంపించవచ్చు. ఎందుకో ఆ మాట ఆవిడకి తోచలేదు.

రత్తమ్మ వెదురునీడన నిలబడి ఉంది. పక్కనే చిన్న చెలమ, అందులో నీళ్ళు కదులుతున్నాయి. మంగతాయారు వాటివైపు చూడకుండా ఆకు విప్పి చదివింది. "పై విషయమై, తాము తక్షణం హాజరై సదరు చెలమను పునరుద్ధరించవలసిందిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది."

"అయిందా?"

"అయింది."

"ఇలా తే." రత్తమ్మ తొండంతో ఆకు అందుకుని నోట్లో వేసుకుంది. "ముందు నీళ్ళు తాగు."

విధి నిర్వహణలో ఉన్నప్పుడు ఏమీ పుచ్చుకోకూడదని మంగతాయారుకి ఒక నియమం ఉంది. అది గుర్తొచ్చేసరికి మూతి నీళ్ళలోనే ఉంది.

"ఇప్పుడు చెప్పు, ఏం కావాలి?"

"చెలమ పూడిపోయిందత్తా. కనకానికి పాలు లేవు. దాని పిల్ల లేవటం లేదు. నేను చూడకుండా రాశాను." మూతి తుడుచుకుని, "పదకొండోరోజున నాకు తెలిసింది. అయినా రాశాను" అంది.

రత్తమ్మ ఆకు నమలడం ఆపింది. "ఈ కీళ్ళతో నేను కొండ దిగేసరికి సాయంత్రమవుతుంది. నువ్వు ముందెళ్ళి మొదలుపెట్టు."

"నేనా? నాకు తవ్వడం..."

"మీ అమ్మ ఒక్క పూటలో ఈ గుట్టకింద ఇల్లు తవ్వేదే. నీ ముందుకాళ్ళు చూసుకో. ఆ గోళ్ళు దేనికున్నాయనుకున్నావు, సంతకాలకా?"

మంగతాయారు చూసుకుంది. పొడుగ్గా, తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిని ఎప్పుడూ ఇలా చూడలేదు.

"మీ పానకాలరావు చెదపుట్టలు తవ్వి తినేవాడు కాదుటే?" అంది రత్తమ్మ. "వాడికి ఇరవై గోళ్ళు. ఆ అడవిపంది మూతితో దున్నేస్తుంది. ముంగిసా, కుందేలూ బొరియల్లోనే పుట్టారు. మీ సంఘమంతా తవ్వేవాళ్ళే తాయారూ. తవ్వడం చేతకానివాడు ఆ కొంగ ఒక్కడే. వాణ్ణి సలహా అడిగారు."

మంగతాయారు కిందికి దిగేసరికి సంఘం ఇంకా పందిట్లోనే ఉంది. విచారణ కమిటీకి గడువు ఎంతివ్వాలా అని చర్చ. పదిహేనురోజులని ఒకరు, నెల అని ఒకరు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా పందిరి దాటి, చెలమలోకి దిగి, తొండని పక్కకి తోసి, తవ్వడం మొదలుపెట్టింది.

మొదటి దెబ్బకి ఒక గోరు చిట్లింది. రెండోది పెంకు విరగ్గొట్టింది. తరవాత కాళ్ళు ఆవిడని అడగడం మానేశాయి. వాటికి ఆ పని తెలుసు. వెనక్కి చిమ్మిన ఇసుక వేదిక మీదికి, అతిథి దండ మీదికి, అధ్యక్షుడి నోట్లోకి పోయింది.

"కార్యదర్శిగారూ" అన్నాడు పానకాలరావు ఉమ్ముకుంటూ. "ఇది ఎజెండాలో..."

"దిగండి" అంది మంగతాయారు.

ఆయన్ని జీవితంలో ఎవరూ అధ్యక్షత తప్ప ఇంకేమీ అడగలేదు. కంగారులో దిగిపోయాడు. దిగాక ఆ చేతులకి చెదపుట్టలు గుర్తొచ్చాయి. అడవిపంది వచ్చింది, ముంగిస వచ్చింది, కుందేలు కూడా వచ్చింది. ఏం చెయ్యాలో తెలియక మనుబోతు దండ తీసి పక్కన పెట్టి, గిట్టలతో ఇసుక గట్టుకి తోయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా తవ్వారు. ఎలుగుబంటి నడుం లోతు అయింది. పొడి ఇసుక పోయి చల్లటి ఇసుక వచ్చింది. నీళ్ళు రాలేదు. మంగతాయారు గట్టెక్కి పిల్ల వైపు చూడలేదు.

పొద్దువాలుతుండగా రత్తమ్మ కుంటుకుంటూ వచ్చింది. గుంట అంచున నిలబడి కాలితో నేలని నొక్కి చూసింది. "బాగానే తవ్వారు. రెండడుగులు ఎగువకి తవ్వుంటే ఇంకా బాగుండేది" అని దిగి, మడమతో ఒక్క తన్ను తన్నింది. గట్టిపడిన సన్నమట్టి పొర చిట్లింది. ముందు తడి కనిపించింది. తరవాత ఆ తడి మెరిసింది. తరవాత మంగతాయారు ముందుకాళ్ళు మునిగాయి.

నీళ్ళు కుంకుడు రసంలా ఉన్నాయి. ఆ రోజు వరస మారింది. మొదట కనకం తాగింది. తాగుతూనే ఉంది, ఎవరూ తొందర చెయ్యలేదు. తరవాత పిల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. పిల్ల కాసేపటికి తల ఎత్తింది, ఇంకాసేపటికి లేచింది. అందరూ తాగాక రత్తమ్మ తాగి, రెండు తొండాల నీళ్ళు వీపుమీద పోసుకుంది. ఎవరూ రాసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పానకాలరావు నడుం పట్టుకుని మంగతాయారు ఇంటికి వచ్చాడు. "నిన్నటి మినిట్స్ రాయాలి. 'సంఘం సమయానికి స్పందించి' అని మొదలుపెడితే బాగుంటుందేమో చూడండి."

ఆవిడ వీపుమీద ఒక్క ముల్లే మిగిలింది. చిరుతపులికి చూపించాలన్నా అదే, రాయాలన్నా అదే. కాసేపు తడుముకుని, ఎన్నేళ్ళ అలవాటో, పీకింది. సిరాలో ముంచింది. 'చెలమ నిండుగా ఉంది' అని రాసింది.

రాశాక లేచి వెళ్ళి చూసింది. నిండుగా లేదు. రాత్రి ఇసుక జారి సగానికి సగం పూడింది. రత్తమ్మ ఇంకా రాలేదు. మంగతాయారు దిగి, ఎండ ఎక్కేదాకా తవ్వి, అడుగు కెలికి, నీళ్ళు అంచుదాకా వచ్చాక గట్టెక్కింది. ఇంటికి వచ్చి ఆకు మళ్ళీ చదువుకుంది. దిద్దవలసిందేమీ కనిపించలేదు. గోళ్ళ మట్టి మాత్రం అంటింది.

నీతి: నీటి విలువ బాగా తెలిసినవాళ్ళని, గోళ్ళలోకి మట్టి చేరేదాకా, నీటి దగ్గరికి రానివ్వకూడదు.